ఎనిమిది వేల మీటర్ల పైన కార్టూన్లు: ఏం గీస్తే కొండ ఎక్కేవాళ్లు కూడా నవ్వుతారు?

సిరాచుక్క:

ఎవరెస్టు, కే2, మనస్లు లాంటి పెద్ద కొండల మీద ఇప్పుడు నడుస్తున్న తంతు గురించి పన్నెండు కార్టూన్ల వరస ఒకటి తయారవుతోంది. అన్నీ సింగిల్ ప్యానెల్, నలుపు తెలుపు. సగమైనా క్యాప్షన్ లేకుండా నిలబడాలి. కొండల సంగతి తెలియనివాళ్లకు నవ్వు రావాలి, తెలిసినవాళ్లు "వీడికి తాడు పట్టుకోవడం కూడా తెలీదు" అని తీసిపారేయకూడదు. ఈ రెండూ ఒకేసారి కుదరడమే కష్టంగా ఉంది.

పెన్సిల్ దశలో ఉన్నవి చెబుతాను. శిఖరం కింద పెద్ద క్యూ, మధ్యలో ఒకడు టోకెన్ నంబరు అడుగుతుంటాడు. కొండ అడుగున బేస్ క్యాంపులో కుర్చీ వేసుకుని ఎదురుగా ఎవరెస్టు శిఖరాన్ని చూస్తూ కాఫీ తాగే క్లయింటు, అంటే డబ్బు కట్టి ఎక్కడానికి వచ్చినవాడు. మూడో క్యాంపులో ఆక్సిజన్ మాస్కు పెట్టుకున్న జడలబర్రె. క్లయింటును సోఫాతో సహా వీపున మోస్తున్న షెర్పా. శిఖరం మీద సెల్ఫీ. చివరిది, దారి పక్కన గడ్డకట్టిన శవాన్ని మైలురాయిలా చూపిస్తున్న గైడు. ఇది ఉంచాలా వద్దా అన్నది తేలడం లేదు.

వీటిలో ఏది తప్పు, ఏది పాతబడింది, ఎవరి మీద వేస్తే న్యాయం? ఇంకో చిక్కు కూడా ఉంది. పైన అందరి మొహాలకూ మాస్కు, గాగుల్స్ ఉంటాయి. మొహం కనబడకపోతే హావభావం ఎలా చూపించాలి?


జుమార్‌పట్టు:

ముందు కొండ సంగతులు సరిచేద్దాం. కార్టూన్‌లో అతిశయోక్తి ఎంతైనా చెల్లుతుంది గానీ, అది నిజం మీద నిలబడాలి. సామాను తప్పుగా గీస్తే పాఠకుడు అతిశయోక్తిని కూడా పొరపాటే అనుకుంటాడు.

నేపాల్ వైపు బేస్ క్యాంపు 5,364 మీటర్ల ఎత్తున, ఖుంబు హిమానీనదం మీద ఉంటుంది. అక్కడినుంచి ఎవరెస్టు శిఖరం కనబడదు. దాని పడమటి భుజం, పక్కనున్న నుప్‌త్సే కొండ అడ్డం. శిఖరం చూడాలంటే కాలాపత్థర్ గుట్ట ఎక్కాలి. కాబట్టి మీ కాఫీ కార్టూన్ ఉన్నది ఉన్నట్టుగా చెల్లదు, కానీ ఈ తప్పులోనే మంచి కార్టూన్ ఉంది. క్లయింటు వేడిచేసిన డోమ్ గుడారంలో కూర్చుని గోడ మీది తెరలో ఎవరెస్టును చూస్తుంటాడు. గుడారం తలుపులోంచి బయట కనిపించేది వేరే కొండ. క్యాప్షన్ అక్కర్లేదు.

జడలబర్రె బేస్ క్యాంపు దాకా వస్తుంది, అంతే. ఆ పైన ఖుంబు ఐస్‌ఫాల్: ఇళ్లంత మంచు దిమ్మలు, మధ్యలో లోయల్లాంటి పగుళ్లు, వాటి మీద అల్యూమినియం నిచ్చెనలు. మూడో క్యాంపు 7,200 మీటర్ల దగ్గర, లోత్సే కొండ ముఖం మీద మంచును అరుగులా చెక్కి వేసే గుడారాలు. జడలబర్రెను అక్కడ పెడితే తెలిసినవాడు నవ్వడు. దాన్ని ఐస్‌ఫాల్ అడుగున నిలబెట్టండి. బరువు దింపేసింది, ఎదురుగా మొదటి నిచ్చెన, పక్కనే ఒక మనిషి అదే మూటను తన నుదుటి పట్టీకి తగిలించుకుంటున్నాడు. జంతువు ఆగిన చోటునుంచి మనిషి మోయడం మొదలవుతుందన్న సంగతి ఆ ఒక్క బొమ్మలో వచ్చేస్తుంది.

నిచ్చెన గీసేటప్పుడు చూసుకోవాల్సినవి. పగులు వెడల్పయితే రెండు మూడు నిచ్చెనలను చివర్ల దగ్గర తాడుతో కట్టి పొడిగిస్తారు, అందుకే అది మధ్యలో కొద్దిగా కిందికి వంగి ఉండాలి. తిన్నగా స్కేలు పెట్టి గీస్తే అబద్ధంలా ఉంటుంది. రెండు పక్కలా చేతికి ఊతంగా తాళ్లు ఉంటాయి, నడుముకున్న హార్నెస్ నుంచి వాటికి కారాబైనర్ (తెరిచి మూసే లోహపు కొక్కెం) తగిలిస్తారు. బూటు కింద క్రాంపాన్ల ముళ్లు మెట్ల మధ్య సందులో దిగాలి. పెద్ద బూటయితే ముందు ముళ్లు ఒక మెట్టు మీద, మడమ ముళ్లు వెనక మెట్టు మీద పడతాయి. ఐస్‌ఫాల్ దాటేది ఎండలో కాదు. మంచు గట్టిగా బిగిసి ఉంటుందని తెల్లవారుజామున రెండు మూడు గంటలకే బయల్దేరతారు, కాబట్టి తలకు లైట్లు ఉండాలి, ఆకాశం నల్లగా ఉండాలి.

తాడు సంగతి ఇంకా ముఖ్యం. ఎక్కేవాళ్లంతా ముందే కట్టి ఉంచిన ఒకే ఫిక్స్‌డ్ తాడుకు జుమార్ అనే చేతిపిడి తగిలించుకుని పోతారు. జుమార్ పైకే జరుగుతుంది, కిందికి లాగితే దాని పళ్లు తాడును కరిచి పట్టేస్తాయి. దానితోపాటు విడిగా ఒక సేఫ్టీ కారాబైనర్ కూడా తాడుకే ఉంటుంది. తాడును మంచులో బిగించిన యాంకర్ దగ్గరికి రాగానే ముందు సేఫ్టీ కారాబైనర్‌ను యాంకర్ అవతలికి మారుస్తారు, తర్వాత జుమార్‌ను. రెండూ ఒకేసారి విప్పరు. మీ బొమ్మలో ఎవడైనా రెండూ విప్పేసి ఫోన్ చూసుకుంటున్నాడంటే అదే పెద్ద హాస్యం, అది కావాలని గీసిందని తెలియాలంటే మిగతా అందరివీ సరిగ్గా తగిలి ఉండాలి.

శిఖరం కూడా బల్లలా చదునుగా ఉండదు. ఏటవాలుగా ఉన్న చిన్న మంచు జాగా, నిండా ప్రార్థనా జెండాల చిక్కుముడి. ఒక పక్క జాగ్రత్తగా కాలు పెట్టాల్సిందే. మంచుగొడ్డలిని సుత్తిలా పట్టుకుని నిలువు గోడ ఎక్కుతున్న హీరో బొమ్మ సినిమా పోస్టర్లది, ఆ దారిలో కనబడదు.


పల్చగాలి:

ఆక్సిజన్ గురించి ఎవరూ ఎత్తకముందే చెప్పేస్తాను, కార్టూనిస్టులు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే.

శిఖరం మీద గాలిలోనూ ఆక్సిజన్ 21 శాతమే, నేలమీద ఉన్నంతే. తగ్గేది గాలి ఒత్తిడి, అక్కడ అది సముద్రమట్టంలో మూడో వంతుకు పడిపోతుంది. అందుకే "ఆక్సిజన్ నిల్" అని బోర్డు పెట్టిన కార్టూన్లు అతకవు.

బాటిల్‌ను సముద్రంలో ఈదేవాళ్ల సిలిండర్‌లా వీపుకు కట్టినట్టు గీస్తారు. అది బ్యాక్‌ప్యాక్ లోపల ఉంటుంది. పైన రెగ్యులేటర్, దానికి లోపల మిగిలిన ఒత్తిడి చూపే గేజి, అక్కడినుంచి సన్నటి గొట్టం భుజం మీదుగా మాస్కుకు వస్తుంది. మామూలుగా వాడేది 4 లీటర్ల బాటిల్, 300 బార్ ఒత్తిడితో నింపుతారు. అంటే సుమారు 1,200 లీటర్ల ఆక్సిజన్. నిమిషానికి 2 లీటర్ల చొప్పున వదిలితే 10 గంటలు వస్తుంది, 4 లీటర్లకు పెంచితే 5 గంటలే. ఇప్పుడు మీ క్యూ సంగతి చూడండి. కదలకుండా మూడు గంటలు నిలబడితే 2 లీటర్ల లెక్కన 360 లీటర్లు, బాటిల్‌లో దాదాపు మూడో వంతు, ఒక్క అడుగు వేయకుండానే ఖర్చు. క్యూ ప్రమాదకరం అయ్యేది అందుకు. టోకెన్ నంబరు జోకులో ఈ లెక్క లేదు, అందుకే అది ఏ క్యూకైనా సరిపోయే జోకులా ఉంది.

దీనికి బదులు ఒకటి చెబుతాను. గేజి బ్యాక్‌ప్యాక్ దగ్గర ఉంటుంది కాబట్టి మోసేవాడికి తన గేజి కనబడదు, వెనకవాడు చూసి చెప్పాలి. క్యూలో ఇరవై మంది. ప్రతి ఒక్కడూ ముందువాడి గేజిలో ముల్లు సున్నాకు దగ్గరపడటం చూసి కంగారు పడుతున్నాడు, తన వెనకవాడు ఎందుకు అలాగే చూస్తున్నాడో ఎవడికీ తోచడం లేదు. ఇది ఆ కొండకు తప్ప ఇంకెక్కడా చెల్లదు.

ఇంకో సరుకు కూడా ఉంది. డబ్బున్న క్లయింట్లు బయల్దేరే ముందు వారాల తరబడి ఇంట్లోనే హైపాక్సిక్ గుడారంలో పడుకుంటారు. పక్క మీద గుడారం, దానికో యంత్రం, లోపలి గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గించడం దాని పని. అదే మనిషి కొండ మీదికి వెళ్లాక ఆక్సిజన్ పెంచే మాస్కు తగిలించుకుంటాడు. ఒకే ప్యానెల్‌ను నిలువుగా రెండుగా చీల్చి, ఎడమ పక్క పందిరిమంచం మీద గుడారం నుంచి బయటికి పోతున్న గొట్టం, కుడి పక్క కొండ మీద మొహంలోకి వస్తున్న గొట్టం, రెండూ మధ్య గీత దగ్గర కలిసేట్టు గీయండి. 2025 మేలో నలుగురు బ్రిటిష్ అధిరోహకులు ఇలా ఇంట్లో సిద్ధమై, పైగా జెనాన్ వాయువు పీల్చి, లండన్ నుంచి బయల్దేరిన వారం లోపే ఎవరెస్టు ఎక్కారు. జెనాన్ వల్ల కొండ మీద సామర్థ్యం పెరుగుతుందనడానికి ఆధారం లేదని అంతర్జాతీయ పర్వతారోహణ సమాఖ్య అంతకుముందే చెప్పింది. వాదన ఇంకా వేడిగానే ఉంది కాబట్టి బొమ్మ పాతబడదు.


మూడోగీత:

మొహాల చిక్కుకు నా జవాబు. మాస్కు, గాగుల్స్ ఉన్నచోట మొహాన్ని వదిలేసి మెడ, భుజాలు, మోకాళ్లు వాడాలి. అలసిన మనిషి మంచుగొడ్డలి మీదికో, తాడు మీదికో ఒరుగుతాడు, తల ఛాతీ మీదికి వాలుతుంది, రెండు అడుగులకోసారి ఆగుతాడు. గర్వంగా ఉన్నవాడి గడ్డం పైకి లేస్తుంది. పక్షి ఈకలు కూరిన డౌన్ సూట్ ఎలాగూ దిండు గలీబులా ఉబ్బి ఉంటుంది కాబట్టి ఒళ్లు మొత్తాన్ని ఒక ఆకారంగా తీసుకుని, ముందు దాని వెలుపలి గీత మాత్రమే వేసి చూడండి. లోపల ఏ వివరం లేకుండానే వాడి మూడ్ తెలిస్తే సగం పని అయినట్టు. తెలియకపోతే గాగుల్స్ ఎంత అందంగా గీసినా లాభం లేదు.

గాగుల్స్ అద్దాన్ని రెండో ప్యానెల్‌లా వాడుకోవచ్చు. వాడు చూస్తున్నది అందులో ప్రతిబింబిస్తుంది: ఫోన్, కెమెరా, ముందువాడి వీపు. అయితే పదిహేను సెంటీమీటర్ల వెడల్పున గీసి పది సెంటీమీటర్లకు కుదించి అచ్చువేస్తే చిన్న ప్రతిబింబం ముద్దయిపోతుంది. అచ్చులో తల కనీసం రెండున్నర సెంటీమీటర్లు ఉంటేనే ఇది పెట్టుకోండి.

సంభాషణ విషయంలో ఒక నియమం పెట్టుకుంటే వరస మొత్తానికి ఒక పద్ధతి వస్తుంది. మాస్కు ఉన్నవాడి నోటినుంచి మాటల బెలూన్ రాకూడదు. పైన మాటలు లేవు, సైగలే. మాటలన్నీ కింద బేస్ క్యాంపులో, లేదా వాకీటాకీలోంచి. వాకీటాకీ బెలూన్‌కు అంచులు రంపపు పళ్లలా వేయండి. పైన ఒరిగిపోయిన మనిషి, వాడి ఛాతీ మీది పెట్టెలోంచి కిందివాడి ఉత్సాహం, ఈ తేడాయే నవ్వు పుట్టిస్తుంది.

నలుపు తెలుపుల్లో మంచును గీయకండి, కాగితాన్నే మంచుగా వదిలేయండి. అంత ఎత్తున ఆకాశం నిజంగానే ముదురుగా ఉంటుంది, ధైర్యంగా ఇంకు నింపేయండి. నల్ల ఆకాశం, తెల్ల గట్టు, మధ్యలో మనుషులు: అడ్డంకి లేకుండా చదువుకోవచ్చు. నీడల గీతలు ఒకే పక్కన. క్యూ గీయాలంటే ముందు ముగ్గురికి పూర్తి వివరం (క్రాంపాన్, జుమార్, గేజి), తర్వాతి ఏడెనిమిది మందికి టోపీ, మూట, వంగిన వీపు చాలు, ఆ తర్వాత ఒకదాని మీద ఒకటి సగం ఎక్కిన తలలు, చివర చుక్కలు. ముగ్గురికీ 0.3 మిల్లీమీటర్ల పెన్ను, దూరంవాళ్లకు 0.1. తాడు మాత్రం మొదటినుంచి చివరిదాకా తెగకుండా ఒకే గీతగా, 0.5తో. ఆ గీతే మీ కథ. అందరి జుమార్లూ తాడున్న పక్క చేతిలోనే ఉన్నాయో లేదో ఇంకు వేసే ముందు ఒక్కసారి లెక్కపెట్టుకోండి.


మోసేవాడి తరఫు:

సోఫా కార్టూన్ గురించి ఎవరూ ముట్టలేదు. అది తీసేయాలని నా గట్టి అభిప్రాయం. అందులో షెర్పాను బండిలా గీశారు, నవ్వు పడేది ఆయన మీదే. ఈ వ్యవహారంలో వ్యంగ్యం దేనిమీద పడాలో మన సామెతే చెబుతుంది: సొమ్మొకడిది, సోకొకడిది.

మొదట మాట తేల్చుకోవాలి. షెర్పా అన్నది ఒక జాతి పేరు, ఉద్యోగం పేరు కాదు. పైన బరువులు మోసేవాళ్లలో తామాంగ్, రాయ్, గురుంగ్ వాళ్లూ ఉంటారు. జట్టు పనివాళ్ల పెద్దను సిర్దార్ అంటారు. డబ్బు కట్టి వచ్చినవాళ్లను "మెంబర్లు" అంటారు. ఈ మాటలు వాడితే బొమ్మకు చోటు తెలుస్తుంది. పేర్లు కూడా ఊరికే పెట్టకండి. షెర్పాల్లో చాలామందికి పుట్టిన వారం పేరే పేరు: నిమా ఆదివారం, దావా సోమవారం, మింగ్మా మంగళవారం, ల్హక్పా బుధవారం, ఫుర్బా గురువారం, పసాంగ్ శుక్రవారం, పెంబా శనివారం. మెంబరుకు ఆ పేరు కూడా గుర్తులేదన్నది కార్టూన్ అవుతుంది. ఆ పేరునే ఎగతాళి చేస్తే కాదు.

అసమానతకు సాక్ష్యాలు కావాలంటే బోలెడు. 1953 మే 29న షెర్పా టెన్జింగ్, న్యూజిలాండ్‌కు చెందిన హిల్లరీ కలిసి మొదటిసారి ఎవరెస్టు ఎక్కారు. బ్రిటన్ హిల్లరీకి నైట్ బిరుదు ఇచ్చింది, టెన్జింగ్‌కు జార్జ్ మెడల్. బాటిల్ ఆక్సిజన్ లేకుండా పది సార్లు ఎవరెస్టు ఎక్కినవారు ఆంగ్ రీతా షెర్పా. కామి రీతా షెర్పా 2025 మే 27న 31వ సారి ఎక్కారు. ఒక్కసారి ఎక్కినవాడి ఇంటి గోడ మీద ఎంత పెద్ద ఫోటో ఉంటుందో, 31 సార్లు ఎక్కినాయన ఆ ఫోటోలో ఎక్కడుంటారో ఆలోచించండి.

సెల్ఫీ కార్టూన్‌ను ఇక్కడినుంచి పట్టుకోవచ్చు. శిఖరం మీద సెల్ఫీ తక్కువ, ఎదుటివాడితో తీయించుకునేదే ఎక్కువ. చేతికున్న లావు మిట్టెన్ తీస్తేగానీ ఫోన్ పనిచేయదు, తీస్తే వేళ్లు గడ్డకట్టే ప్రమాదం. ఫోన్ కూడా చలికి ఆరిపోతుంది, అందుకే సూట్ లోపల ఒంటికి ఆనించి ఉంచుకుంటారు. కాబట్టి మిట్టెన్ తీసి, వేళ్లు పణంగా పెట్టి ఫోటో తీసేది పక్కనున్న షెర్పా. శిఖరం చేరేది చాలావరకు పొద్దుటిపూట, సూర్యుడు కిందుగా ఉంటాడు. మొహం మీద వెలుగు పడాలని ఫోటో తీసేవాడు సూర్యుణ్ణి వెనక పెట్టుకుంటాడు. అప్పుడు ఆయన నీడ పొడుగ్గా ఫ్రేములోకి వచ్చి పడుతుంది. ఈ బొమ్మను గోడకు తగిలించిన పటంగా గీయండి. పటంలో జెండా పట్టుకున్న వీరుడు, కింద "ఒంటరిగా" అన్న ఒక్క మాట. వీరుడి పాదాల మీద పడుతున్న నీడ మాత్రం మూడు బాటిళ్లు మోస్తున్న మనిషిది. మూడోగీత గారు చెప్పినట్టు కాగితాన్నే మంచుగా వదిలేస్తే ఆ నీడ ఒక్కటే నల్లగా నిలుస్తుంది.

బేస్ క్యాంపులో ఎక్కడానికి ముందు జరిగే పూజను మాత్రం హాస్యానికి వాడకండి. రాళ్లతో కట్టిన చోర్టెన్ (చిన్న స్తూపం), జునిపర్ పొగ, దాని పాదాల దగ్గర గొడ్డళ్లు, క్రాంపాన్లు పెట్టి కొండను క్షమాపణ అడగడం వాళ్ల నమ్మకం. డ్రోన్ ఎగరేసి దాన్ని చిత్రీకరిస్తూ లామాను "ఇంకోసారి చేయండి" అని అడిగేవాడిని గీయండి.


సిరాచుక్క:

చాలా పనికొచ్చే సంగతులు. సోఫా తీసేశాను. జడలబర్రె, గేజి, నీడ మూడూ స్కెచ్ అయ్యాయి. రెండు సందేహాలు మిగిలాయి. 2019 నాటి ఎవరెస్టు క్యూ ఫోటో ప్రపంచమంతా చూసింది, ఇంకా క్యూ గీస్తే కొత్తేముంది అన్నది ఒకటి. శవం కార్టూన్ మీద ఎవరూ ఏమీ అనలేదు, అది రెండోది.


జుమార్‌పట్టు:

2019 మే 22న నేపాలీ అధిరోహకుడు నిర్మల్ పుర్జా తీసిన ఫోటో అది. అందరూ చూశారు గానీ, క్యూ ఎందుకు అయిందో చాలామందికి తెలియదు. ఆ వసంతంలో నేపాల్ 381 మందికి అనుమతి ఇచ్చింది, వాళ్లతో వెళ్లే షెర్పాలు అదనం. ఎవరెస్టు మీద ఏడాదిలో చాలా భాగం జెట్ స్ట్రీమ్ (చాలా ఎత్తున వేగంగా వీచే గాలి ప్రవాహం) గాలులు తగులుతాయి. మే మధ్యలో, రుతుపవనాల ముందు అది ఉత్తరానికి జరిగినప్పుడు కొన్ని రోజుల సందు దొరుకుతుంది. అందరి వాతావరణ నివేదికలూ ఒకే రోజును చూపిస్తాయి, అందరూ అదే రాత్రి, శిఖరానికి ముందు చివరిదైన నాలుగో క్యాంపు నుంచి బయల్దేరతారు. పైగా ఎక్కేవాళ్లకూ దిగేవాళ్లకూ తాడు ఒకటే. ఒకణ్ణి దాటాలంటే క్లిప్ తీసి అతని అవతల పెట్టుకోవాలి, ఆ ఎత్తున, ఆ గట్టు మీద.

కాబట్టి గీయాల్సింది క్యూ కాదు, దానికి ముందు రాత్రి. వరసగా పది గుడారాలు, వేర్వేరు జట్లు, ప్రతి గుడారంలో ఒకడు తెర చూస్తూ వేలు పెదవి మీద పెట్టుకుని తనవాళ్లతో "ష్... రేపు, ఎవరికీ చెప్పకండి" అంటున్నాడు. కింద క్యాంపుల్లో మాస్కులు ఉండవు కాబట్టి మాటల నియమం కూడా చెడదు.

శవం గురించి: తీసేయండి. పైన చనిపోయినవాళ్లను దించడం ఎంత ప్రమాదమంటే చాలామంది అక్కడే ఉండిపోయారు. వాళ్లకు ఇళ్లున్నాయి, ఎదురుచూసినవాళ్లున్నారు.


నల్లపూస:

జుమార్‌పట్టు గారితో ఇక్కడ కొంచెం విభేదిస్తాను. ఆ కార్టూన్ తీసేయాలి, నిజమే. చావును వరసలోంచి పూర్తిగా తీసేస్తే మాత్రం ఇది పిక్నిక్ మీద జోకుల పుస్తకం అవుతుంది. 2014 ఏప్రిల్ 18న ఐస్‌ఫాల్ మీద మంచు విరిగిపడి చనిపోయిన పదహారు మందీ నేపాలీ పనివాళ్లే. మెంబర్లు ఆ ఐస్‌ఫాల్‌ను సీజన్‌లో కొద్దిసార్లు దాటుతారు, గుడారాలు, బాటిళ్లు, తిండి మోసేవాళ్లు అంతకు ఎన్నో రెట్లు దాటుతారు. 2023 జూలై 27న కే2 మీద, బాటిల్‌నెక్ అనే ఇరుకు చోట, పాకిస్తానీ పోర్టర్ మొహమ్మద్ హసన్ పడిపోయి చనిపోయారు. ఆయన పక్కనుంచి జనం శిఖరానికి సాగిపోతున్న వీడియో చూసి ప్రపంచం నిలదీసింది.

దీన్ని గీసే దారి ఉంది. పడిపోయిన మనిషిని గీయకండి. ఫ్రేమును మోకాలి ఎత్తుకు దించేయండి. వరసగా బూట్లు, ప్రతి జత మంచులో ఒకేచోట కొంచెం ఎత్తి దాటుతోంది, అక్కడ ఏముందో ఫ్రేము కింది అంచు కోసేసింది. పై అంచున ఒక చేయి వేళ్లతో శిఖరం వైపు చూపిస్తోంది. క్యాప్షన్ వద్దు, పేరు వద్దు. ఇది నవ్వించదు, నవ్వించాల్సిన పనీ లేదు. పన్నెండింటిలో ఇలాంటిది ఒకటి ఉంటే మిగతా పదకొండుకూ బరువు వస్తుంది. దీన్ని మొదటా చివరా పెట్టకుండా ఎనిమిదో తొమ్మిదో స్థానంలో పెట్టండి, పాఠకుడు నవ్వుల మధ్యలో ఉన్నప్పుడు తగలాలి.

మీరు వదిలేసిన ఒక అంశం కూడా ఉంది: రికార్డులు, రుజువులు. మనస్లు ఎత్తు 8,163 మీటర్లు. 2021లో డ్రోన్ తీసిన ఫోటోతో, ఏళ్ల తరబడి చాలామంది ఆగి ఫోటోలు దిగిన చోటు అసలు శిఖరం కాదని, అసలుది ఇంకొంచెం అవతల, కొద్ది మీటర్ల పైన ఉందని లోకమంతటికీ తెలిసింది. గట్టు మీద ఇరుకు చోట అందరూ జెండాలతో ఫోటో దిగుతుంటే, అవతలి కొన మీద ఒక కాకి కూర్చుని వాళ్లను పైనుంచి చూస్తున్నట్టు గీయొచ్చు. కాకి జాతి పక్షులు ఎనిమిది వేల మీటర్ల దగ్గర కూడా కనబడ్డాయి కాబట్టి తప్పు పట్టేవాళ్లుండరు. 2016లో ఒక జంట మార్ఫింగ్ ఫోటోలతో ఎవరెస్టు ఎక్కామని చెప్పుకుంటే నేపాల్ వాళ్ల సర్టిఫికెట్లు రద్దు చేసి పదేళ్లు నిషేధించింది. అలాంటి ఫోటోల్ని పట్టుకునేవాళ్లు చూసేది నీడల దిక్కు, బూట్లు, గాగుల్స్‌లో ప్రతిబింబం. మీ కార్టూన్లలోనూ అవే చూస్తారు, జాగ్రత్త.


పల్చగాలి:

చెత్త మీద ఒకటైనా ఉండాలి. 2014లో ఎవరెస్టు ఎక్కేవాళ్లు ఒక్కొక్కరూ 8 కిలోల చెత్త దించాలన్న నియమం వచ్చింది. 2024 నుంచి మలాన్ని కూడా ప్రత్యేక సంచుల్లో పెట్టి కిందికి తేవాలి. తూకం ఒక్కటే చూసేచోట చెత్త ఏ క్యాంపుదో కాటాకు తెలియదు. పైన నాలుగో క్యాంపులో చిరిగిన గుడారాలు, ఖాళీ డబ్బాలు అలాగే ఉండగా, బేస్ క్యాంపు వంటగుడారం దగ్గర మెంబరు సంచిని స్ప్రింగ్ కాటాకు తగిలించి, ముల్లు ఏడున్నర దగ్గర ఆగితే వంటవాణ్ణి "ఇంకో రెండు టిన్నులు ఖాళీ చెయ్యి బాబూ" అంటాడు. ఇది బెలూన్‌తోనే బాగుంటుంది.


సిరాచుక్క:

గేజి కార్టూన్ ఇంకు దాకా వచ్చింది. ఒక చిక్కు. గేజి బ్యాక్‌ప్యాక్ లోపల ఉంటే పాఠకుడికి ముల్లు ఎలా కనబడుతుంది? బయట పెడితే తప్పు అవుతుందా?


పల్చగాలి:

మూట మూత సగం తెరిచి, బాటిల్ మెడ బయటికి వచ్చినట్టు పెట్టండి. రెగ్యులేటర్‌ను సరిచేయడానికి వెనకవాళ్లు అలా తెరవడం మామూలే, కాబట్టి తప్పు కాదు. గేజి వాస్తవంలో చిన్నది, మీరు అరచేయంత చేయండి, ఆ అతిశయోక్తి చెల్లుతుంది. అంకెలు 0 నుంచి 300 దాకా వేసి, ముందు ముగ్గురిలో మొదటివాడి ముల్లు 120 మీద, రెండోవాడిది 70 మీద, మూడోవాడిది 20 మీద పెట్టండి. వరస చివర నిలబడినవాడి వెనక ఎవరూ ఉండరు, వాడి గేజి చూసేవాడు లేడు. వాడి మూత మూసే ఉంచండి.


మూడోగీత:

ఆ చివరివాడిని చుక్కల్లో కలపకుండా, క్యూ వంపు తిప్పి పాఠకుడి దగ్గరికి తెచ్చి, కుడి కింద మూలలో వీపు చూపిస్తూ నిలబెట్టండి. అప్పుడు వాడి వెనక ఉన్నది పాఠకుడే. మూత బకిల్ మాత్రం 0.5 పెన్నుతో స్పష్టంగా వేయండి.